టైఫాయిడ్ అన్నారు, స్క్రబ్ టైఫస్ తేలింది, కేస్ షీట్ ఇవ్వనంటున్నారు: ఇప్పుడేం చేయాలి?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. విశాఖ మధురవాడలో ఉంటున్న మీ అమ్మగారికి 56 ఏళ్లు, షుగరుంది. జ్వరమొచ్చిన మూడో రోజున దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. వైడాల్ అనే రక్తపరీక్ష పాజిటివ్ కాబట్టి టైఫాయిడ్ అన్నారు, ఐదు రోజులు సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు. జ్వరం దిగలేదు సరికదా ఆయాసం మొదలైంది. మీరే అంబులెన్సు మాట్లాడుకుని ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ స్క్రబ్ టైఫస్ అని తేలింది. ఆరు రోజులు ఐసీయూ, 2,70,000 రూపాయల బిల్లు. మొదటిచోట 38,000 కట్టారు. కేస్ షీట్ అడిగితే "అది ఆసుపత్రిది, బయటికివ్వం" అన్నారు. ఇది నిర్లక్ష్యం కిందికి వస్తుందా, వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, కేసు ఉందో లేదో ఆ కేస్ షీట్ చూస్తేగానీ తెలీదు. "టైఫాయిడ్ అన్నారు, వేరేది తేలింది" అన్న ఒక్క ముక్క మీద ఏ కేసూ నిలబడదు. మీ కోపం న్యాయమైనదే. కానీ అవతలి లాయరు ఏమంటాడో ముందే తెలిస్తే ఏ కాగితం కోసం వెతకాలో మీకు అర్థమవుతుంది. అందుకని ముందు జబ్బు సంగతి.

వైడాల్ టైఫాయిడ్ క్రిమిని చూపించే పరీక్ష కాదు. ఒంట్లో దానికి తయారైన యాంటీబాడీలను మాత్రమే కొలుస్తుంది. అవి లేచేది రెండో వారంలో. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్, వేయించుకున్న టీకా, మలేరియా లాంటి వేరే జ్వరాలు, వీటిలో ఏది ఉన్నా 1:80, 1:160 అని రావచ్చు. పద్ధతి ప్రకారం 10 నుంచి 14 రోజుల తేడాతో రెండు శాంపిళ్లు తీసి, రెండోదాంట్లో నాలుగు రెట్లు పెరిగిందా అని చూడాలి. మన దగ్గర అలా ఎవరూ చేయరు. మూడో రోజున ఒక్కసారి చేసి చీటీ చేతిలో పెడతారు. టైఫాయిడ్‌కి అసలు పరీక్ష బ్లడ్ కల్చర్. మొదటి యాంటీబయాటిక్ డోసు పడకముందే, పెద్దవాళ్లకైతే ఒక్కో సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీసి పంపాలి. ఫలితానికి రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. అది కూడా అందరిలోనూ పట్టుకోదు, ఇంజెక్షన్ పడ్డాక పంపితే ఇంకా పట్టుకోదు. అందుకే మీ కాగితాల్లో మొదట వెతకాల్సింది ఇది: కల్చర్ పంపారా? పంపితే ఏ రోజు, ఏ టైముకి? మొదటి సెఫ్‌ట్రియాక్సోన్ అంతకుముందు ఇచ్చారా, తర్వాతా?

ఇక స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు పిల్ల కుడితే వస్తుంది. కుట్టిన ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు జ్వరం మొదలవుతుంది. పాడేరు, అరకు వైపే కాదు, నగరంలో కొండవాలు కాలనీల్లోనూ, ఖాళీ ప్లాట్లలో తుప్పలు పెరిగినచోటా రావచ్చు. వానలు పడ్డాక, చలికాలం ముందు ఎక్కువ. మొదట్లో డెంగీ, మలేరియా, టైఫాయిడ్ లాగే ఉంటుంది. దీని క్రిమి మన కణాల్లోపల కూర్చుంటుంది కాబట్టి సెఫ్‌ట్రియాక్సోన్ ఎన్ని రోజులు ఎక్కించినా దాన్ని తాకదు. అదే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెడితే చాలామందికి 48 గంటల్లో జ్వరం దిగుతుంది. చాలా చవక మందు. మీ బాధలో సగం ఇదేనని తెలుసు. అయినా సొంతంగా కొనుక్కుని మింగే మందు మాత్రం కాదు. గర్భిణులకు వేరే మందు వాడతారు.

పురుగు కుట్టినచోట చాలామందికి సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి, దురద ఉండవు కాబట్టి రోగికే తెలీదు. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, లంగా బొందు కట్టుకునేచోట ఉంటుంది. బట్టలు తప్పించి చూస్తేనే కనబడుతుంది. తెర కూడా లేని ఓపీ గదిలో, పక్కన నలుగురు నిలబడి ఉండగా 56 ఏళ్ల ఆవిడను ఎవరు అలా చూస్తారు? జబ్బు దొరక్కపోవడానికి చాలాసార్లు కారణం ఇంత చిన్నది. మీ విషయంలో ఇదే కీలకం కూడా కావచ్చు. పెచ్చు జ్వరం కంటే ముందే ఏర్పడుతుంది. రెండో ఆసుపత్రి అడ్మిషన్ నోట్సులో "నల్లటి పెచ్చు ఉంది" అని మొదటిరోజే రాసి ఉంటే, మొదటి నర్సింగ్ హోమ్‌లో ఉన్న ఐదు రోజులూ అది ఒంటి మీద ఉన్నట్టే లెక్క. ఆ పేజీ కాపీ తప్పకుండా తీసుకోండి. అప్పుడు ఎవరైనా ఫోటో తీసి ఉంటే డిలీట్ చేయొద్దు.

ఇప్పుడు అవతలి వాదన. నిజంగా టైఫాయిడే అయినా సెఫ్‌ట్రియాక్సోన్ మీద జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పట్టొచ్చు. కాబట్టి "ఐదు రోజులు చూడటంలో తప్పేముంది" అంటారు. వైద్యపరంగా అది తీసిపారేసే మాట కాదు. మీ కేసు బలం జ్వరం దిగకపోవడంలో లేదు. ఆ ఐదు రోజుల్లో ఇంకేమేం మారాయి, వాటిని చూసి ఎవరైనా ఏమైనా చేశారా అన్నదాంట్లో ఉంది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయా? లివర్, కిడ్నీ పరీక్షల్లో ఎస్‌జీపీటీ, క్రియాటినిన్ పెరిగాయా? నర్సు చార్టులో శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం ఏ రోజు నుంచి మారాయి? ఆయాసం మొదలైన రాత్రి డ్యూటీ డాక్టరు వచ్చి చూశాడా, ఫోన్లో చెప్పి ఊరుకున్నాడా? మలేరియా స్మియర్, డెంగీ ఎన్ఎస్1 పరీక్షలు చేశారా? మార్పు కాగితం మీద కనిపిస్తున్నా అదే సీసా ఎక్కిస్తూ పోతే అది పొరపాటు దాటి నిర్లక్ష్యం వైపు వస్తుంది.

చట్టం గీసిన గీత కూడా అక్కడే. జాకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పిందేమంటే, డాక్టరు అంచనా తప్పడం దానంతటదే నిర్లక్ష్యం కాదు. అదే చదువు, అనుభవం ఉన్న మామూలు డాక్టరు ఆ పరిస్థితిలో చేసేది చేయకపోతేనే నిర్లక్ష్యం. క్రిమినల్ కేసుకైతే అది ఘోరమైన నిర్లక్ష్యమై ఉండాలి. మీకు బాగా దగ్గరగా ఉన్న తీర్పు 2010 నాటి వి. కిషన్ రావు కేసు. హైదరాబాద్‌లో ఒకాయన భార్యకు మలేరియా ఉంటే టైఫాయిడ్ వైద్యం చేశారు. జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షల పరిహారం ఇచ్చింది, పై కమిషన్లలో కొట్టేశారు, సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం ఉండి తీరాలన్న నియమం లేదనీ, తప్పు కాగితాల మీదే కనిపిస్తుంటే ఫోరం నేరుగా తేల్చవచ్చనీ అందులో చెప్పారు. మీ లాయరుకు ఈ కేసు పేరు చెప్పండి.

కేస్ షీట్ విషయానికొస్తే, "ఇవ్వం" అనే హక్కు వాళ్లకు లేదు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నైతిక నియమావళి ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో కాగితాలివ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డు వైద్యం మొదలైన నాటి నుంచి మూడేళ్లు దాచాలి. 2023లో కొత్త నియమాలు తెచ్చి వెంటనే పక్కన పెట్టేశారు కాబట్టి పాతవే నడుస్తున్నాయి. అసలు ఫైలు ఆసుపత్రి దగ్గరే ఉంటుంది, ఆ మాట నిజమే. మీకు రావాల్సింది కాపీ.

కౌంటర్లో నోటిమాటగా అడిగితే డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి చేతిలో పెట్టి పంపేస్తారు. కాగితం మీద, అమ్మగారి సంతకంతో అడగండి. ఇలా రాస్తే చాలు:

"మేనేజింగ్ డైరెక్టర్ గారికి. నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా ఉన్నాను. ఐపీ నంబరు ఇది. నా పూర్తి కేస్ షీట్ కాపీ, అంటే అడ్మిషన్ నోట్సు, డాక్టర్ల రోజువారీ నోట్సు, నర్సుల నోట్సు, టెంపరేచర్–పల్స్–బీపీ చార్టు, మందుల చార్టు, శాంపిల్ తీసిన సమయంతో సహా అన్ని ల్యాబ్ రిపోర్టులు, ఎక్స్‌రే ఫిల్ము లేదా సీడీ, నాతో, మావాళ్లతో సంతకం పెట్టించుకున్న ఫారాలు, వివరాలతో కూడిన బిల్లు ఇప్పించగలరు. జిరాక్సు ఖర్చు చెల్లిస్తాను. కాగితాలు తీసుకోవడానికి మా అబ్బాయికి అధికారమిస్తున్నాను. 2002 నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలని మనవి."

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే అక్కడ గొడవపడొద్దు. అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ రుజువు దాచండి. పాత రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆసుపత్రి ఈమెయిల్‌కి కూడా పంపండి. కాపీలిచ్చేటప్పుడు ప్రతి పేజీకీ నంబరు, ఆసుపత్రి ముద్ర వేయమనండి. తర్వాత "ఇంకో పేజీ ఉంది" అని కొత్తగా పుట్టించకుండా అది కాపాడుతుంది. ఐదు రోజుల నోట్సు ఒకే పెన్నుతో ఒకే ఊపులో రాసినట్టుంటే, నర్సు చార్టులో జ్వరం 103 ఉన్న రోజున డాక్టరు నోట్సులో "పేషెంట్ బాగానే ఉన్నారు" అని ఉంటే, ఆ పేజీలకు గుర్తు పెట్టుకోండి.

ఒక కాగితం మీకు ఎదురు తిరిగే ప్రమాదం ఉంది. మీరే అంబులెన్సు తెచ్చుకున్నామన్నారు కదా, వెళ్లేటప్పుడు "వైద్యుల సలహాకు విరుద్ధంగా మా ఇష్టం మీద తీసుకెళ్తున్నాం" అన్న ఫారం మీద సంతకం పెట్టించుకునే ఉంటారు. హడావిడిలో ఎవరూ చదవరు. దాని అర్థం కేసు పోయినట్టు కాదు. కానీ "ఉంచి ఉంటే మేమే నయం చేసేవాళ్లం" అనడానికి వాళ్లకు దారి దొరుకుతుంది. అలాంటి ఫారం ముందుకొచ్చినప్పుడు సంతకం పైన టైము వేసి, "ఆయాసం ఎక్కువైనందున పెద్దాసుపత్రికి రెఫర్ చేయమని అడిగాం, చేయలేదు" అని ఒక ముక్క రాయాలి. చదువుతున్నవాళ్లెవరికైనా రేపు పనికొస్తుంది.

కాగితాలు చేతికొచ్చాక ఒకే షీటు మీద తేదీలవారీగా రాయండి: తేదీ, టైము, ఏం జరిగింది, దానికి రుజువు ఏ పేజీ. మందుల షాపు బిల్లులు, యూపీఐ చెల్లింపులు, చుట్టాలకు పంపిన వాట్సాప్ మెసేజీలు, అన్నిటి మీదా టైము ఉంటుంది. "అమ్మకి ఊపిరాడట్లేదంటోంది" అని రాత్రి 11:40కి మీరు తమ్ముడికి పెట్టిన మెసేజీ, అదే రాత్రి ఖాళీగా ఉన్న డాక్టరు నోట్సు, ఈ రెండూ పక్కపక్కన పెడితే పది పేజీల ఆరోపణ కంటే ఎక్కువ చెబుతాయి. విశేషణాలు రాయకండి. నర్సింగ్ హోమ్‌కి వెళ్లేముందు ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించి ఉంటే అదీ రాయండి. దాస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడుతుంది. పైగా అక్కడ స్టెరాయిడ్ పడి ఉంటే రెండు రోజులు జ్వరం అణిగి, తర్వాత చూసే డాక్టరును అదే తప్పుదారి పట్టిస్తుంది.

ఎక్కడికి వెళ్లాలన్నది మీకేం కావాలన్న దాన్నిబట్టి ఉంటుంది. అన్నిచోట్లా ఒకే అర్జీ జిరాక్సు తీసి పడేస్తే ఎక్కడా కదలదు.

కాగితాలే ఇవ్వకపోతే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి, అంటే డీఎంహెచ్‌ఓ ఆఫీసు. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ 2002 నాటి రాష్ట్ర చట్టం కింద జిల్లాలోనే జరుగుతుంది, దాన్ని చూసేది వాళ్లు. నోటీసు ఇవ్వగలరు, తనిఖీ చేయగలరు. డబ్బు మాత్రం ఇప్పించలేరు. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి నంబరు తీసుకుంటే అది తిరిగి డీఎంహెచ్‌ఓకే వస్తుంది గానీ, జవాబివ్వాల్సిన గడువుతో వస్తుంది. తేడా అదే. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినా డబ్బు గుంజితే 104కి ఫోన్ చేయాలి, అది వేరే దారి.

డాక్టరు మీద వృత్తిపరమైన చర్య కావాలంటే విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్. ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, లేకపోతే అదీ ఒక ఉల్లంఘనే. ఫిర్యాదు మీద ఆరు నెలల్లో తేల్చాలని నియమం. హెచ్చరించగలరు, కొంతకాలం రిజిస్టరు నుంచి పేరు తీసేయగలరు. ఇక్కడా పరిహారం ఉండదు. నా అభిప్రాయం అడిగితే, మీ కేసులో ఇది రెండో అడుగుగా పెట్టుకోండి.

డబ్బు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. ఏ కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్నిబట్టి కాదు, మీరు చెల్లించిన సొమ్మునుబట్టి ఉంటుంది. 50 లక్షల దాకా జిల్లా కమిషనే. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటినుంచే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. కానీ వైద్య కేసులో క్రాస్ ఎగ్జామినేషన్ ఉంటుంది కాబట్టి ఉంటే మంచిది. ఆసుపత్రినీ, చూసిన డాక్టరునూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. "ఆయన విజిటింగ్ డాక్టరు, మాకు సంబంధం లేదు" అని ఆసుపత్రి తప్పుకోకుండా ఉంటుంది. నోటీసు అందాక జవాబుకు వాళ్లకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15. తీర్పు నెలల్లో రావాలని చట్టం అంటుంది, నడిచేది ఏళ్లు.

పరిహారం లెక్క ముక్కలుగా రాయండి: రెండో ఆసుపత్రి బిల్లు, మొదటిచోట కట్టింది, అంబులెన్సు, మీ జీతం కోత, అమ్మగారికి మిగిలిపోయిన ఇబ్బందికి రుజువులు, మానసిక వేదన. యాభై లక్షలని గాల్లో రాస్తే మిగతా లెక్క మీద కూడా నమ్మకం పోతుంది. స్థానికంగా ఏ డాక్టరూ తోటి డాక్టరు మీద రాసివ్వడు, అది తెలిసిందే. రిటైరైన మెడిసిన్ ప్రొఫెసర్ ఎవరినైనా వేరే ఊళ్లో అడగొచ్చు. లేదా ప్రభుత్వ వైద్యుల కమిటీ అభిప్రాయం తెప్పించమని కమిషన్‌నే కోరవచ్చు. రెండో ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ కూడా జాగ్రత్తగా చదవండి. ముందు ఏ మందు ఎన్ని రోజులు వాడారు, జ్వరం ఎన్నో రోజున వచ్చారు, డాక్సీసైక్లిన్ ఎప్పుడు మొదలెట్టారు, ఎన్ని గంటల్లో దిగింది, ఇవన్నీ అందులో ఉండాలి. తప్పుంటే ఇప్పుడే సరిచేయించండి, ఏడాది పోయాక ఎవరూ ముట్టుకోరు.

ఇదే విశాఖ ప్రభుత్వాసుపత్రులైన కేజీహెచ్‌లోనో విమ్స్‌లోనో జరిగి ఉంటే దారి మారేది. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసేచోటైతే ఉచిత రోగికీ హక్కుంటుంది. ప్రభుత్వాసుపత్రిలో సూపరింటెండెంటుకు అర్జీ పెట్టాలి. రికార్డు ఇవ్వకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

పోలీసు కేసు మీకు వద్దు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయినప్పటి సంగతి. ఆసుపత్రికి పదిమందిని వేసుకుని వెళ్లడం అసలే వద్దు. రాష్ట్రంలో 2008 చట్టం ప్రకారం వైద్య సిబ్బంది మీద దాడికి మూడేళ్ల దాకా జైలు, 50,000 దాకా జరిమానా ఉన్నాయి. జరిగిన నష్టానికి రెట్టింపు కట్టాలి. బాధితుడు ముద్దాయి అయిపోయేది ఇక్కడే. గూగుల్‌లో రివ్యూ రాయాలనుకుంటే తేదీలు, జరిగినవి రాయండి, "హంతకులు" లాంటి మాటలు రాస్తే పరువునష్టం నోటీసు మీకొస్తుంది.

డాక్టర్లు "రెండు నిమిషాలు కూడా వినరు" అని కూడా మీరు రాశారు. నిజమే, మన ఓపీలు అలాగే ఉన్నాయి. ఆ రెండు నిమిషాల్లో మీరు చేయగలిగింది కొంత ఉంది. జ్వరం మొదలైన తేదీ, ఇప్పటిదాకా పడ్డ మందులు, ఇంజెక్షన్లు, షుగరు–బీపీ మందులు, పొదల్లోకో ఏజెన్సీకో వెళ్లారా అన్నది, ఒక చీటీ మీద రాసి చేతికివ్వండి. తర్వాత రెండే అడగండి: "ఇది కాకపోతే ఇంకేమై ఉండొచ్చండీ?", "ఎన్ని రోజుల్లో దిగకపోతే మళ్లీ ఆలోచించాలి?" రెండో ప్రశ్నకు జవాబును ప్రిస్క్రిప్షన్ మీదే రాయించుకోండి. ఇది జ్వరానికే కాదు. ఛాతీలో మంట, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు ఉన్నప్పుడు "గ్యాస్" అని పంపేస్తుంటే, ముఖ్యంగా షుగరున్నవాళ్లకు, ఈసీజీ తీయించకుండా కదలొద్దు. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా గుండెపోటు లేదని కాదు. నొప్పి ఉంటే మళ్లీ తీయాలి, ట్రోపోనిన్ అనే గుండె రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండోసారి చేయాలి. స్కాన్ మీద రెండో అభిప్రాయానికి ఫిల్ము చాలదు, సీడీ అడగండి. బయాప్సీ మీదైతే రిపోర్టుతోపాటు స్లైడ్లు, మైనం బ్లాకులు ల్యాబు నుంచి తెచ్చుకుని అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటిచోట మళ్లీ చూపించొచ్చు.

మీ గడువు: కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్లు. అసలు జబ్బు తెలిసిన రోజునుంచి లెక్కేసుకోవచ్చని కొందరంటారు. ఆ వాదన జోలికి పోకుండా మొదటి నర్సింగ్ హోమ్‌లో చేర్చిన తేదీ నుంచే లెక్కేసుకోండి. అంతకంటే ముందు, ఈ వారంలోనే, అమ్మగారికి క్రియాటినిన్, లివర్ పరీక్షలు, షుగరు ఒకసారి చేయించండి. ఐసీయూ దాకా వెళ్లిన స్క్రబ్ టైఫస్ కిడ్నీనీ, లివర్‌నీ తాకుతుంది కాబట్టి అవి మామూలుకు వచ్చాయో లేదో ముందు ఆవిడ కోసం తెలియాలి. రాకపోతే ఆ రిపోర్టు మీ ఫైల్లోకీ వెళ్తుంది.